దీపం ఆర్పినా తిరిగిన చక్రం

దర్శిలో ప్రాక్టికల్స్ ఒకరోజు ముందే అయిపోయాయి. ఆఖరి బ్యాచ్‌లో పదకొండు మందే ఉండడంతో వాళ్లని కూడా మూడోరోజు పొద్దున్నే కూర్చోబెట్టేశారు. మార్కుల కవర్లకి లక్క సీలు వేయించి, ఎగ్జామినర్‌గా వెళ్లిన లక్ష్మీనరసింహం పదిన్నర బస్సెక్కాడు. నరసరావుపేట జూనియర్ కాలేజీలో ఆయన ఫిజిక్స్ లెక్చరర్. ఇంట్లో ఫోను లేదు కాబట్టి ముందే వస్తున్నానని భార్యకి చెప్పే వీలు లేకపోయింది. చెప్పాలన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు.

వినుకొండ దాటాక బస్సులో అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. 1984 మార్చి నెల. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు పరిచి ఉన్నాయి. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆయన తన ఇంజను గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఐదేళ్లుగా బస్సులో ఉన్నా, క్లాసులో బోర్డు తుడుస్తున్నా ఆయన ఆలోచన దాని మీదే.

అది వేడిగాలితో నడిచే బుల్లి ఇంజను. మూరెడు పొడవున్న చెక్క పీట మీద నిలబెట్టిన ఒక రేకు డబ్బా, దాని పక్కన చిన్న ఇత్తడి గొట్టం, రెండింటినీ కలుపుతూ రబ్బరు ట్యూబు, పైన అరచేయంత ఇత్తడి చక్రం. డబ్బా అడుగున స్పిరిట్ దీపం పెడితే లోపలి గాలి వేడెక్కి పొంగాలి. డబ్బా లోపల కిందికీ పైకీ కదిలే ఒక బోలు ముక్క ఆ గాలిని చల్లటి పైభాగానికి నెడితే ముడుచుకోవాలి. ఆ పొంగడం, ముడుచుకోవడంతో ఇత్తడి గొట్టంలో పిస్టన్ ఆడి చక్రం తిరగాలి. పెట్రోలు అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు. సూత్రం ఆయన నిద్రలో లేపినా చెప్పగలడు. కానీ చక్రం మాత్రం తిరగలేదు. వేలితో తోస్తే రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టు సగంలో ఆగిపోయేది. ఆయన పిస్టన్ మార్పించాడు, దానికి చిక్కటి నూనె పట్టించాడు, ఇంకా చిక్కటిది పట్టించాడు. స్టాఫ్‌రూమ్‌లో "ఏమండీ నరసింహం గారూ, మీ బండి బయల్దేరిందా?" అని అడగడం అందరికీ అలవాటైపోయింది. తన రిటైర్మెంటులోపు దాన్ని తిప్పి చూపించమని ప్రిన్సిపాల్ శేషాచలం గారు రెండేళ్లుగా వెంటపడుతున్నారు.

మూడింటికి ఇల్లు చేరాడు. వీధి తలుపు గడియ పెట్టి ఉంది. ప్రసూన పడుకుని ఉంటుందిలే అని పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లాడు. అప్పుడు వినిపించింది, టిక్ టిక్ టిక్ మని, కుట్టుమిషను కన్నా మెత్తగా, గడియారం కన్నా వేగంగా.

పెరట్లో పాత వంటపాకే ఆయన వర్క్‌షాపు. ఒక బల్ల, దానికి బిగించిన వైస్, ఆకురాళ్లు, చేతి డ్రిల్లు. తలుపు ఓరగా వేసి ఉంది. తోశాడు.

చక్రం తిరుగుతోంది.

ఊరికే తిరగడం కాదు, దాని ఆకులు కంటికి ఆనడం లేదు. దాని ముందు ముక్కాలిపీట మీద ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుని ఉంది. మోకాళ్ల మీద సగం వలిచిన చిక్కుడుకాయల పళ్లెం.

ఆమె తల తిప్పి చూసింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గబుక్కున వంగి ఉఫ్ మని దీపం ఊదేసింది. పళ్లెం జారి చిక్కుడుకాయలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

కానీ చక్రం ఆగలేదు. డబ్బా అడుగున వేడి ఇంకా ఉంది. దీపం వత్తి మీంచి పొగ సన్నగా లేస్తుండగా, చక్రం టిక్ టిక్ మంటూ తన పని తాను చేసుకుపోయింది. ఇద్దరూ కదలకుండా దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆపడానికి ఆమె చేయి ముందుకి రాలేదు. నిమిషం పైనే పట్టింది ఆగడానికి. నెమ్మదించి, తటపటాయించి, ఒక్కసారి వెనక్కి ఊగి నిలిచిపోయింది.

"ఎవరొచ్చారు?" అన్నాడు ఆయన. తన గొంతు తనకే వేరెవరిదోలా వినిపించింది.

"ఎవరూ రాలేదండీ."

"మరి దీన్ని ఎవరు తిప్పారు?"

"నేనే."

ఆయన నవ్వాడు. నవ్వాలనుకుని కాదు, అలా వచ్చేసింది. దగ్గరికి వెళ్లి చూశాడు. తన ఇత్తడి గొట్టం ఉండవలసిన చోట ఒక గాజు సిరంజి ఉంది, డాక్టర్లు వాడేది. దాన్ని పట్టుకున్న ఇనప క్లిప్పు లేతు మీద చేసిన పనిలా నున్నగా ఉంది. తన ఇత్తడి గొట్టం, పిస్టన్, నాలుగు మరలు పాత పేపరు మీద వరసగా పెట్టి ఉన్నాయి.

"ప్రసూనా, అబద్ధం వద్దు. ఈ క్లిప్పు ఎవరు చేశారు?"

"జాన్ బాషా చేశాడు. నేనే చేయించాను."

ఆయన ఇంక వినలేదు. సంచి అక్కడే పడేసి, చెప్పుల్లో కాళ్లు సగం దూర్చి వీధిలోకి నడిచాడు. బాషా తన పరోక్షంలో ఇంటికొచ్చి ఇంజను విప్పాడని, తన ఐదేళ్ల పనిని ఒక్క పూటలో తేల్చేశాడని ఆయన మనసు నిర్ధారణ చేసేసుకుంది.

జిన్నింగ్ మిల్లు పక్కన జాన్ బాషా లేతు షాపు. గాల్లో దూది నూగు తేలి వచ్చి లేతు మీద, బాషా గడ్డం మీద వాలుతోంది. ఆయన్ని చూసి బాషా మోటారు ఆపాడు.

"రండి సార్. ఎట్టా ఉంది ఇంజను?"

"నా ఇంజనుకి క్లిప్పు చేసింది నువ్వేనా?"

"సిరంజిదా సార్? అమ్మగారు కొలతలు తెచ్చారుగా."

"అమ్మగారు కొలతలు తెచ్చారా?"

"అవును సార్. కాయితం మీద బొమ్మేసి మరీ తెచ్చారు. మొదటిసారి నేను ఒక నూలుపోగంత లావుగా చేస్తే మళ్లీ పట్టుకొచ్చి దిద్దించుకున్నారు. మీరే పంపారన్నారుగా?" బాషా ఆయన ముఖం చూసి చేతులు గుడ్డకి తుడుచుకోవడం ఆపేశాడు. "ఏంది సార్, మీరు పంపలేదా?"

"ఎప్పుడు జరిగిందిది?"

"ఎప్పుడంటే... మా రెండోవాడు పుట్టిన ఏడు. రెండేళ్లు దాటింది సార్."

లక్ష్మీనరసింహం అక్కడున్న ఇనప స్టూలు మీద కూర్చుండిపోయాడు. రెండేళ్లు. ఈ రెండేళ్లలో ఆయన పిస్టన్ మూడుసార్లు మార్పించాడు. మూడుసార్లూ ఈ బాషా దగ్గరే చేయించాడు. సిరంజి, పిస్టన్ మార్చి మార్చి చూస్తున్నారు కాబోలు అనుకుని బాషా ఒక్కమాట అనలేదు.

"మంచినీళ్లు తాగుతారా సార్?" అన్నాడు బాషా. ఆయన తల అడ్డంగా ఊపి లేచాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె చిక్కుడుకాయలు ఏరి పక్కన పెట్టి, పాకలోనే నిలబడి ఉంది. సిరంజి ఇంకా ఇంజనుకే ఉంది. దాచే ప్రయత్నం ఆమె మానుకుంది.

"రెండేళ్లుగా తిరుగుతోందా ఇది?"

"అవునండీ."

"ఎన్నిసార్లు తిరిగింది?"

ఆమె పేపరు మీది మరలు ఒక్కచోటికి జరిపింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎన్నిసార్లు?"

"రోజూ తిప్పుతాను. మీరు కాలేజీకి వెళ్లాక వంటింటి పని తెముల్చుకుని పదకొండింటికి పెడతాను. మళ్లీ మీ గొట్టం మునుపు ఎలా ఉందో అలా బిగించేస్తాను. నాలుగు మరలేగా. ఇవాళ మీరు రారనుకుని మళ్లీ పెట్టాను."

ప్రతి సాయంత్రం తను కాలేజీ నుంచి వచ్చి, కాఫీ తాగి, ఈ బల్ల ముందు కూర్చుని, వేలితో చక్రం తోసి, ఆగిపోవడం చూసి నిట్టూర్చేవాడు. అదే చక్రం ఆ పూటే తిరిగి తిరిగి చల్లారి ఉండేది. తను నిట్టూరుస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి "పోనీలెండి, రేపు చూద్దురుగాని" అనేది.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరు నేర్పుతారండీ. మా నాన్న చేసేది ఇదేగా."

ఆమె తండ్రి గురునాథం పిడుగురాళ్లలో హార్మోనియాలు బాగుచేసేవాడు. నాటకాల వాళ్లు గుంటూరు నుంచి కూడా పెట్టెలు తెచ్చి ఇచ్చేవారట. ఆ సంగతి ఆయనకి పెళ్లినాటి నుంచీ తెలుసు. తెలుసంతే.

"తిత్తిలో గాలి పోతుంటే పెట్టె పలకదు. ఎక్కడ పోతోందో కంటికి కనపడదు. నాన్న నన్ను పిలిచి చెంప పెట్టమనేవాడు. చిన్నపిల్లని కదా, తొందరగా తెలిసేది. దీనికి కూడా అలాగే చెంప పెట్టి చూశాను. డబ్బా మీంచి కడ్డీ బయటికి వచ్చే చోట సన్నగా గాలి పోతోంది. మేకతోలు వాషరు కత్తిరించి వేశాను. అది మీరు చూడనేలేదు. రెండేళ్లుగా అక్కడే ఉంది."

ఆయన వంగి చూశాడు. ఉంది. మినపగింజ మందాన, నల్లబడిపోయి, ఇంజనుతోపాటే పుట్టినట్టుగా ఉంది.

"అయినా తిరగలేదు. పిస్టన్ బరువుగా ఆడుతోంది. నూనె చిక్కనయ్యేకొద్దీ గాలి పోవడం ఆగుతోంది గానీ, చక్రం ఈడ్చుకోలేకపోతోంది. నూనె లేకుండానే గాలి పోకుండా జారేది ఏముందా అని చూస్తుంటే, ఆ ఏడు మీకు టైఫాయిడ్ వచ్చి కాంపౌండర్ యేసుపాదం సూది వేయడానికి వచ్చాడు. గాజు సిరంజిలో కడ్డీ ఎంత తేలిగ్గా జారిందో చూశాను. ఒకటి అడిగి తీసుకున్నాను."

జ్వరంతో తను మంచం మీద మూలుగుతుంటే ఆమె సిరంజిని చూస్తూ నిలబడిందన్నమాట. ఆయనకి ఒక్కసారిగా కోపం పొంగుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. చేతికి అందిన సుత్తి తీసుకుని ఎత్తాడు.

ప్రసూన అడ్డం రాలేదు. ఆయన చేయి పట్టుకోలేదు.

"కొట్టండి," అంది. "నాకు అన్నీ గుర్తున్నాయి. మళ్లీ చేసుకుంటాను."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నోట ఇలాంటి మాట ఆయన వినలేదు. అన్నాక ఆమె కూడా బిత్తరపోయినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సుత్తి ఎత్తిన చేయి గాల్లోనే ఉండిపోయి, కాసేపటికి దానంతట అదే దిగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు సుత్తి బల్ల మీద పెట్టి.

"మొదటిసారి తిరిగినరోజు చెప్పాలనే కూర్చున్నానండీ. మీరు వస్తూనే, 'కనిపెట్టాను ప్రసూనా, నూనె ఇంకా చిక్కగా ఉండాలి' అని ఎంత సంబరంగా వచ్చారు! నాకు నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. తర్వాత మీరే చేస్తారు, చేస్తే చూడాలనుకున్నాను."

"మరి రోజూ ఎందుకు తిప్పావు?"

"చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

"తిరుగుతుంటే చూడ్డానికేనండీ," అంది ఆమె, అది కూడా తెలియదా అన్నట్టు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు వాళ్లిద్దరి మధ్య భోజనం, కాఫీ తప్ప మాటల్లేవు. ఆయన పాకలోకి వెళ్లడం మానేశాడు. కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ పదకొండు గంట కొట్టగానే మాట మర్చిపోయేవాడు. ఈ సమయంలో ఇంట్లో చక్రం తిరుగుతుంటుంది. లేదా తన కోసం ఆపేసి ఉంటుంది. ఏది నిజమైనా తట్టుకోవడం కష్టంగానే ఉండేది.

ఆ వారంలోనే శేషాచలం గారు వరండాలో ఆపి, "ఏమయ్యా, శనివారం నా వీడ్కోలు సభ. ఇంక నీ ఇంజను చూసే యోగం నాకు లేనట్టేనా?" అన్నారు.

"తిరిగింది సార్," అనేశాడు.

"ఆఁ! తిరిగిందా! సభకి పట్టుకురా. అందరం చూస్తాం."

తిరిగిందన్నాడు. ఎవరు తిప్పారో శేషాచలం గారు అడగలేదు, తను చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ప్రసూనకి చెప్పాడు.

"శనివారం సభకి దాన్ని తీసుకెళ్తున్నాను."

"సరేనండీ. సిరంజిలో దుమ్ము పడకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. ఇంకొకటి, పావుగంట అయ్యాక..."

"నాకు తెలుసులే," అన్నాడు. ఆమె మజ్జిగ పోసి ఊరుకుంది.

సభ కాలేజీ హాల్లో, మధ్యాహ్నం రెండింటికి. ఉక్కపోత. స్టాఫంతా కుటుంబాలతో వచ్చారు. ఆడవాళ్ల కుర్చీలు ఎడమవైపు. దండలు, ఉపన్యాసాలు అయ్యాక వేదిక మీద బల్ల వేసి ఇంజను పెట్టారు. లక్ష్మీనరసింహం దీపం వెలిగించి, నిమిషం ఆగి, చక్రాన్ని వేలితో తోశాడు. అది అందుకుంది.

హాలంతా చప్పట్లు. వెనక వరసల్లో వాళ్లు లేచి నిలబడ్డారు. శేషాచలం గారు ఆయన్ని కౌగిలించుకుని, "ఐదేళ్ల తపస్సయ్యా! సాధించావు!" అన్నారు. కెమిస్ట్రీ లెక్చరర్ లేచి, ఇన్నాళ్లూ వేళాకోళం చేసినందుకు క్షమించమన్నాడు. ఆయన అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. పెడుతూ పెడుతూ ఎడమవైపు చూశాడు. ప్రసూన అందరితోపాటు చప్పట్లు కొడుతోంది. నిజమైన సంతోషంతోనే కొడుతోంది. ఆయన చేతులు నమస్కారం మధ్యలో ఆగిపోయాయి. ఎవరో చెంప మీద చాచి కొట్టినట్టు ముఖం మండిపోయింది.

మైకు అందుకున్నాడు. "ఇది తిప్పింది నేను కాదు. మా ఆవిడ," అన్నాడు.

అందరూ నవ్వారు.

"నిజమే చెబుతున్నాను. నా పిస్టన్ పనిచేయలేదు. ఆమె వేరేది పెట్టింది."

ఇంకా గట్టిగా నవ్వారు. "భేష్! ఇల్లాలి చలవ లేకపోతే మనమేం చేయగలం!" అన్నారు శేషాచలం గారు. ఆడవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఒక్క ప్రసూన మాత్రం తల వంచుకుంది. నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోవడం ఆయనకి వింతగా అనిపించింది. మొన్న పాకలో తను నవ్విన నవ్వు కూడా ఇదే కదా అని గుర్తొచ్చింది.

అప్పుడే చక్రం నెమ్మదించింది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం పెరిగింది. ఆయన కంగారుగా వత్తి పెద్దది చేశాడు. ఇంకా నెమ్మదించి ఆగిపోయింది. వేలితో తోశాడు. రెండు చుట్లు తిరిగి నిలిచింది. మళ్లీ తోశాడు. హాల్లో నవ్వులు తగ్గాయి. చెమట ఆయన కళ్లలోకి కారుతోంది. ట్యూబు చూశాడు, మరలు చూశాడు. ఏమీ అర్థం కాలేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. జ్ఞానప్రసూనాంబ లేచి, ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. ముందు వత్తి తగ్గించింది. అధ్యక్షుల ముందున్న గ్లాసు నీళ్లలో తన చేతిరుమాలు ముంచి, పిండి, డబ్బా పైభాగానికి చుట్టింది. చెంప దగ్గరగా పెట్టి ఒక్క క్షణం చూసి, తృప్తిగా తల ఊపింది. చక్రాన్ని చూపుడువేలితో కదిపింది.

టిక్ టిక్ టిక్ మని అది మునుపటికన్నా జోరుగా అందుకుంది.

శేషాచలం గారు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"అమ్మా, ఏమైంది దానికి?"

"పైన కూడా వేడెక్కిపోయిందండీ. కింద వేడి, పైన చల్లన ఉంటేనే తిరుగుతుంది. రెండూ ఒకటైపోతే ఆగిపోతుంది. మంట పెంచితే ఇంకా తొందరగా ఆగిపోతుంది."

"నీకెలా తెలుసు?"

"రోజూ పావుగంటకి ఇలాగే ఆగేదండీ."

"రోజూనా?" అన్నారాయన. ఆ మాట హాలంతా వినిపించింది.

ఆమె భర్త వైపు చూసింది. లక్ష్మీనరసింహం మైకు ఆమె ముందుకి జరిపాడు. "చెప్పు ప్రసూనా," అన్నాడు. "మొదటి నుంచీ చెప్పు."

ఆమె చెప్పింది. పిడుగురాళ్ల హార్మోనియాలు, మేకతోలు, సిరంజి, బాషా చేసిన క్లిప్పు, అన్నీ చెప్పింది. రోజూ ఆయన ఇంటికొచ్చేలోపు మళ్లీ ఇత్తడి గొట్టం బిగించేసిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె వదిలేసిన ఆ ముక్క ఏమిటో ఆ హాల్లో ఆయన ఒక్కడికే తెలిసింది. ఈసారి చప్పట్లు వెంటనే రాలేదు. ముందు ఎక్కడో ఒకరు కొట్టారు, తర్వాత ఇద్దరు. కెమిస్ట్రీ లెక్చరర్ నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు.

ఇంటికి రిక్షాలో వచ్చారు. ఇంజను ఆమె ఒడిలో ఉంది. రైలు గేటు దగ్గర పత్తి బోరాల లారీలు బారుగా నిలిచిపోయి ఉంటే రిక్షా ఆగింది. ఆయనకి ఆమెతో చాలా అనాలని ఉంది. పక్కన కూర్చున్న మనిషిని ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు బెరుకుగా ఉంది.

"ఏమండీ," అంది ప్రసూన, గేటు వైపు చూస్తూ. "గుడ్డ తడపడం ఎంతసేపని. డబ్బా పైభాగం చుట్టూ నీళ్ల తొట్టి అతికిస్తే గంటైనా ఆగదనిపిస్తోంది. బాషాతో మాట్లాడాను."

"ఎప్పుడు?" అన్నాడు ఆయన ఉలిక్కిపడి.

"పోయిన నెల."

గూడ్సు బండి వచ్చింది. పెట్టెలన్నీ దాటిపోయాయి. గేటు లేచింది. లారీలు కదిలాయి.

"తొట్టి ఎంత లోతుండాలంటావు?" అని అడిగాడు.

ఆమె ఇంజను మీంచి చేయి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎడం పెట్టి చూపించింది.